పేరు తెలిసి చిరునామా తెలియక

జగ్గయ్యపేటలో మా అబ్బాజాన్‌ది చిన్న కిరాణా దుకాణము. ఆయన అరువు ఖాతాలను కంప్యూటరులోనికి ఎక్కించగలనని మాట ఇచ్చాను. అందుకు లిస్ప్ భాషను ఎన్నుకొన్నాను. 1958లో జాన్ మెకార్తీ ఆ భాషకు రూపకల్పన ప్రారంభించారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిగారు ఆయన శిష్యులుగా 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొంది, 1994లో ట్యూరింగ్ పురస్కారము అందుకొన్నారు. ఆ గర్వముతోనే పనికి పూనుకొన్నాను.

నేను వాడిన ఇ.సి.ఎల్. కంపైలరు లిస్ప్‌ను మొదట సి భాషలోనికి మార్చి, పిదప సి కంపైలరు చేత యంత్రభాషగా చేయిస్తుంది. లెక్కలు దాచుటకు ఎస్‌క్యూలైట్ లైబ్రరీని పిలిచాను. ఫైలు చక్కగా కంపైలైనది. కాని ప్రోగ్రాము తుదిరూపము కట్టు వేళ "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అన్న మాటతో తెర నిండిపోయినది. మూడు రాత్రులు నా లిస్ప్ వాక్యములనే తిరగవ్రాశాను. మరునాడు నందిగామలో అధ్యాపకులకు చూపవలసి ఉన్నది. ఇక విరమించుకొందునా అనిపించినది.

అబ్బాజాన్ పాత ఖాతా పుస్తకము తెరచి, "ఈ పేరు చూడు బేటా. నందిగామ మనిషని వ్రాసుకొన్నాను. ఏ వీధో వ్రాయలేదు. వసూలుకు ఎవరింటికి పోను?" అన్నారు.

నా లోపమూ అదే! పేర్లను వాటి చోట్లతో కలుపు పని లింకరుది. నేను పేరు వ్రాశానే గాని, అది దొరకు లైబ్రరీని చెప్పలేదు. తుదిరూపము కట్టించు ఆజ్ఞలో "ఎల్‌డి ఫ్లాగ్స్" అను చోట "మైనస్ ఎల్ ఎస్‌క్యూలైట్3" అని చేర్చాను. ప్రోగ్రాము సిద్ధమైనది.

చిల్లకల్లు మీదుగా బస్సులో నందిగామ చేరాను. అక్కడి యంత్రములో ఆ లైబ్రరీ వేరే ఫోల్డరులో ఉన్నది. పెద్ద ఎల్ అక్షరముతో ఆ చోటు చెప్పి మరల కట్టాను. కట్టుట ముగిసినది గాని ప్రోగ్రాము నడవలేదు. కట్టునప్పటి వెదకులాట వేరు, నడచునప్పటి వెదకులాట వేరు! "ఆర్‌పాథ్" అను సూచనతో ఆ చోటును ప్రోగ్రాములోనే వ్రాయించాను. అప్పుడు నడచినది.

విద్యార్థి మిత్రులారా, పొరపాటు సందేశమును నేను మొదటి రాత్రియే నిదానముగా చదివి ఉంటే రెండు రాత్రులు మిగిలేవి.

ఇప్పుడు మా ఖాతాలో వీధి పేరు లేనిదే అరువు ఎక్కదు. ఆ నిబంధన అబ్బాజాన్ పెట్టినదే.