టర్బో కారుకు ట్యూనింగ్

టర్బో ఇంజిన్‌లో సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దాంతోపాటు తిరిగే మరో చక్రం సిలిండర్లలోకి గాలిని ఒత్తి పంపుతుంది. ఎంత ఒత్తిడి, ఎంత పెట్రోలు, ఏ క్షణాన స్పార్క్ అన్నది ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ, చూసుకుంటుంది. ట్యూనింగ్ అంటే ఆ లెక్కలు మార్చి రాయడం. 2020లో మన దగ్గరికొచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్‌ఐకి కంపెనీ ఇచ్చిన లెక్క 110 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు. అక్కడి నుంచి పైకి తీసుకెళ్లాలనుకునేవాళ్లు ముందు ఎండను తలచుకోవాలి.

మే నెలలో హైదరాబాద్ కర్మన్‌ఘాట్ ట్రాఫిక్‌లో నిలిచిన కారులో, టర్బో పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా వేడెక్కుతుంది. వేడి గాలికి ఒత్తిడి పెంచితే ఇంధన మిశ్రమం దానంతటదే పేలవచ్చు. ఈ నాకింగే పిస్టన్లను తినేస్తుంది. అందుకే నిజమైన ట్యూనర్ ముందు ప్లగ్గులు, గాలి లీకులు చూస్తాడు. తర్వాత ఇంజిన్ శక్తిని కొలిచే డైనో మీద నడిపి, రీడింగులు చదువుతూ, రోజూ పోయించే పెట్రోలుతోనే కొంచెం కొంచెంగా పెంచుతాడు. రీడింగులు చూపించకుండా పది నిమిషాల్లో ఫైలు ఎక్కించడం ట్యూనింగ్ కాదు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. వారంటీ, ఇన్సూరెన్స్ షరతులు చదివాకే కారు గ్యారేజీకి ఇవ్వండి.