కొలొస్సయులకు 5:12



మన చల్లపల్లి యవ్వనస్థుల గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. బ్రహ్మానందం గారు నిట్టూరుస్తున్న సినిమా బొమ్మ. కింద: "ఆరాధనకు ఆలస్యముగా వచ్చువాడు చెప్పుల యొద్ద కూర్చుండును - కొలొస్సయులకు 5:12." పడీపడీ నవ్వాము. ఆ పత్రికలో ఉన్నవి నాలుగే అధ్యాయాలు గదా! నవ్వి ఊరుకోక, ఇంకో రెండు గ్రూపులకు పంపాము.

బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరరుగా పనిచేసి, 1987లో 'అహ నా పెళ్ళంట'తో ఇంటింటికీ తెలిసినవారు. ఆయన అనని మాటలు ఆయన ముఖం మీద ఎన్ని తిరుగుతున్నాయో! తెలిసిన ముఖం గనుక మాట కూడా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఇంగ్లీషు వారికీ ఇదే తంటా. 1980 నాటి స్టార్ వార్స్ సినిమాలో విలన్ తానే తండ్రినని చెప్పేముందు కొడుకును పేరుపెట్టి పిలుస్తాడని లోకమంతా అనుకరిస్తుంది. సినిమాలో అక్కడున్నది పేరు కాదు, "కాదు" అన్న మాట. పేరు చేర్చితే సినిమా చూడనివాడికీ అర్థమవుతుంది, అందుకే తప్పుదే పాకింది.

వాట్సాప్ వారు 2018లో మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకే ఫార్వర్డ్ అని కట్టడి పెట్టారు. ఐదుగురు తలా ఐదుగురికి పంపితే మూడో చేతికి 125 మంది. చిన్న ఊరికి అది చాలు.

వారం తిరక్కముందే ఆ వాక్యం మాకే తిరిగొచ్చింది. నవ్వు గుర్తులు లేవు, బ్రహ్మానందం గారు లేరు. గులాబీలు, శుభోదయం, కింద 5:12. పంపినది మన సంఘంలో ఒక పెద్దావిడ. గేదెల పాలు తీసి వచ్చేసరికి రోజూ ఆలస్యమయ్యే అమ్మ. ఆ ఆదివారం ఆమె నిజంగానే గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చుంది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాము. "అయ్యగారూ, నా బైబిల్లో ఐదో అధ్యాయం చిరిగిపోయినట్టుంది" అంది. అది పిల్లల తమాషా అనీ, మేమూ పంపామనీ ఒప్పుకున్నాము. ఆమె కోప్పడలేదు. కాసేపాగి అడిగింది:

"మరి తుపాను ఏడు మీరు చెప్పింది?"

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆమె వరి పనలు నీళ్ళలో నానాయి. ఓదార్చడానికి వెళ్ళి, తన కాళ్ళ మీద తాను నిలబడేవాడికే దేవుడు తోడుంటాడని వాక్యం చెబుతోంది అన్నాము. అలాంటి వాక్యం లేదు. సెమినరీలో చదివిన మాకు ఆ సంగతి తెలిసి ఉండవలసింది.

"అప్పట్నుంచీ వెదుకుతున్నానయ్యా, దొరకలేదు" అని, కళ్ళజోడు తీసి, తన బైబిలు మా చేతిలో పెట్టింది.