సిగరెట్టు పాటకు ఫుల్ మార్కులు

ఇక్కడ తెలుగువాళ్ల ఇళ్లలో ఏ పుట్టినరోజుకు వెళ్లినా "ఏ కంపెనీ అండీ?" అని అడుగుతారు. "హైస్కూల్లో సోషల్ చెబుతానండీ" అంటాను. "ఓ, అలాగా!" అని పకోడీల వైపు జరుగుతారు. తెనాలిలో పుట్టినదాన్ని, ఒహాయోలో అమెరికా పిల్లలకు వాళ్ల ముత్తాతల సంగతులు చెప్పి జీతం తీసుకుంటున్నాను. నాకే వింతగా ఉంటుంది, వాళ్లననుకునేదేముంది!

1930ల ఆర్థిక మాంద్యం పాఠం వచ్చిందంటే మా క్లాసులో పాటలుంటాయి. 1933లో పనిచేయగలవాళ్లలో నూటికి పాతికమందికి పని లేదని బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులోకి ఎక్కించుకుని ఊరుకుంటారు. అదే 1932 నాటి 'బ్రదర్, కెన్ యూ స్పేర్ ఎ డైమ్' వినిపిస్తే తలలు పైకి లేస్తాయి. రైలు మార్గాలు వేసినవాడు, యుద్ధం చేసొచ్చినవాడు దారినపోయేవాణ్ని పది సెంట్లు అడుగుతాడు. అది రాసిన యిప్ హార్బర్గ్ కూడా ఎలక్ట్రిక్ సామాన్ల వ్యాపారం దివాలా తీశాకే పాటలు రాసుకుని బతకడం మొదలుపెట్టాడు. బింగ్ క్రాస్బీ పాడిన రికార్డు ఆ ఏడాదే ఊరూరా మోగింది.

మొదటి ఏడాది దాని పక్కనే వుడీ గత్రీ పాట 'దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్' కూడా పెట్టాను. నాకు ప్రాణం ఆ పాటంటే. వెనక బెంచీ కుర్రాడొకడు చెయ్యెత్తి, "అప్పట్లో దీన్ని ఎంతమంది విన్నారు?" అని అడిగాడు. ఇంటికెళ్లి చూసుకుంటే గత్రీ ఆ పాట రాసింది 1940లో, రికార్డు చేసింది 1944లో, డిస్కు బయటికొచ్చింది 1951లో! రొట్టె కోసం వీధిలో క్యూ కట్టినవాడెవడూ దాన్ని విని ఉండడు. నాకు నచ్చిన పాటను తీసుకెళ్లి వాళ్ల నోట్లో పెట్టాను. మర్నాడు క్లాసులో ఆ మాటే ఒప్పుకున్నాను.

అప్పట్నుంచీ పాట గొప్పదా కాదా అని చూడటం మానేశాను. ఎప్పుడొచ్చింది, ఎవరు విన్నారు, డబ్బులిచ్చి విన్నారా అని చూస్తాను. అలా వెతికితే దొరికిందే 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933' సినిమా. మొదలవుతూనే ఒంటినిండా డాలరు బిళ్లలు తగిలించుకున్న అమ్మాయిలు కష్టాలు తీరిపోయాయనీ, చేతినిండా డబ్బేననీ పాడుతుంటారు. జింజర్ రోజర్స్ అయితే ఒక ముక్కను, మనం చిన్నప్పుడు 'క' భాష మాట్లాడుకున్నట్టు, అక్షరాలు తారుమారు చేసి పాడుతుంది. ఇంతలో అప్పులవాళ్ల మనుషులొచ్చి సెట్టింగులు, వేసుకున్న డ్రెస్సులతో సహా జప్తు చేసుకుపోతారు! అదే సినిమా చివరి పాటలో, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఉచిత భోజనం కోసం వరసలో నిలబడి ఉంటారు. ఒకే టికెట్టు మీద రెండూ చూశారు ఆనాటి జనం. మాంద్యం గురించి దీన్ని మించిన పాఠం నాకింతవరకూ దొరకలేదు.

పాఠం అయ్యాక హోంవర్కు ఒకటిస్తాను. ఇంట్లో పెద్దవాళ్లు పదిహేనేళ్ల వయసులో విన్న పాట ఒకటి, ఏ ఏడాదిదో కనుక్కుని తీసుకురావాలి. పోయినేడు ఒక తెలుగు కుర్రాడు గుడివాడలో ఉన్న తాతయ్యకు ఫోన్ చేసి, 'రాముడు భీముడు'లో కొసరాజు రాసిన సిగరెట్టు పాట పట్టుకొచ్చాడు. మొగుడు సిగరెట్టును పొగుడుతుంటాడు, పెళ్లాం తెగుడుతుంటుంది. ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఇదే కారణమని డాక్టర్లు చెబుతున్నారని ఆవిడంటే, పెద్ద పెద్ద యాక్టర్లు కాదంటున్నారులే అని ఆయన కొట్టిపారేస్తాడు. వాడు ఇంగ్లీషులో చెబుతుంటే క్లాసంతా ఒకటే నవ్వు.

నాకు మాత్రం ఆ సంవత్సరం దగ్గర మనసాగింది. 1964. సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సరుకూ సంబంధం ఉందని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక వచ్చింది ఆ జనవరిలోనే. అయినా ఇక్కడి టీవీల్లో సిగరెట్టు ప్రకటనలు 1971 దాకా ఆగలేదు. డాక్టర్ల మాట ఒకవైపు, యాక్టర్ల మాట ఒకవైపు. రెండు దేశాల్లోనూ నడిచింది ఒకే తగువు. చిన్నప్పుడు రేడియోలో ఎన్నిసార్లు విన్నానో ఆ పాట. హాస్యం పాట అనుకున్నానే తప్ప చరిత్ర అనుకోలేదు.

వాడికి ఫుల్ మార్కులు వేశాను. తాతయ్య ఆ సినిమా ఏ హాల్లో చూశారో, టికెట్టెంతో, హాల్లో ఎంతమంది సిగరెట్లు కాలుస్తూ ఆ పాట చూశారో కూడా అడిగి రమ్మన్నాను. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు, "మందులేసుకున్నారా?" అన్నాక ఈ ప్రశ్నలు మీరూ అడగండి. చెప్పింది చెప్పినట్టు తారీఖు వేసి రాసిపెట్టండి.