ఫైనల్ అంటే ఫైనలేనా?

అన్నయ్య కూతురి పెళ్లికి శుభలేఖలు వేయించే పని నా మీద పడింది. డీటీపీ కుర్రాడు కార్డు కంపోజ్ చేసి ఫైలుకి ‘ఫైనల్’ అని పేరు పెట్టాడు. సాయంత్రానికి వియ్యాలవారి ఫోను. వాళ్ల పెద్దల్లుడి పేరు చిన్నల్లుడి పేరు కింద పడిందట! మార్చి ‘ఫైనల్ 2’ అన్నాడు. మర్నాడు పురోహితుడు ముహూర్తం నాలుగు నిమిషాలు జరిపాడు. ‘ఫైనల్ ఫైనల్’. ఆ తర్వాత కల్యాణమండపం పిన్‌కోడు. కుర్రాడు ఏమాత్రం విసుక్కోకుండా ‘లాస్ట్ ఫైనల్’ అని కొట్టి, “ఇంకేమన్నా ఉంటే రేపు పదిలోపు చెప్పండంకుల్” అన్నాడు.

ఈ మాట పుట్టిల్లు లాటిన్. అక్కడ ‘ఫీనిస్’ అంటే హద్దు, ముగింపు. ఫినిష్ దీని తోబుట్టువంటే సరే. జరిమానా కట్టే ఫైనూ, అప్పులిచ్చే ఫైనాన్సూ ఆ ఇంటివే. బాకీ తీర్చి లెక్క ముగించడమే ఒకప్పటి ఫైనాన్స్. నెలనెలా ఈఎంఐ కట్టేవాడికి ఈ సంగతి చెప్పి చూడండి!

మనకు మాటల కరువేం లేదు. తీర్పు తుదిది, బస్సు ఆఖరిది, చూపు కడసారిది. అంతిమ అన్నామా, వెనకే యాత్ర గుర్తొస్తుంది. అందుకే కాబోలు, కొట్లో ‘అంతిమ ధర ఎంత?’ అని ఎవరూ అడగరు. ‘ఫైనల్ ఎంత?’ అంటాం. అసలు బేరం అక్కడే మొదలవుతుంది.

తుది తీర్పూ అంతే. సుప్రీంకోర్టు తేల్చేశాక కూడా 137వ అధికరణం కింద రివ్యూ అడగొచ్చు. అదీ పోతే క్యూరేటివ్ పిటిషన్ అనే మరో చిన్న తలుపుంది. 2002లో ఆ కోర్టే పెట్టింది. తప్పు దిద్దుకోవడానికి తలుపు ఉంచుకున్నవాళ్లంటే నాకు గౌరవం.

ఇక 2019 ప్రపంచకప్ ఫైనల్. లార్డ్స్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ చెరో 241. సూపర్ ఓవర్‌లోనూ చెరో 15. చివరికి ఎవరు ఎక్కువ బౌండరీలు కొట్టారో లెక్కపెట్టి ఇంగ్లండ్‌కి కప్పిచ్చారు. కొన్ని నెలలకే ఐసీసీ ఆ నిబంధన ఎత్తేసింది. న్యూజిలాండ్ ఓడిందంటే నేనిప్పటికీ ఒప్పుకోను.

శుభలేఖలు వచ్చాయి, 500. కట్ట విప్పితే పెద్దల్లుడు మళ్లీ చిన్నల్లుడి కిందే ఉన్నాడు. ప్రెస్సువాళ్లు అచ్చేసింది మొట్టమొదటి ‘ఫైనల్’ని.