కంప్యూటర్ డైరీ ఎక్కడుంది?

కొత్తగా లినక్స్ వేసుకోగానే ముందు వాల్‌పేపర్ మారుస్తాం. తర్వాత బ్రౌజర్, ఆ తర్వాత తెలుగు కీబోర్డు. లాగ్స్ ఎక్కడున్నాయో చూసేవాళ్లు తక్కువ. సిస్టమ్ మొరాయించినప్పుడే అవి గుర్తొస్తాయి. ఆ కంగారులో ఏదీ ఓ పట్టాన దొరకదు.

లాగ్ అంటే కంప్యూటర్ రాసుకునే డైరీ. ఎప్పుడు ఆన్ అయింది, వైఫై ఎప్పుడు తెగింది, పాస్‌వర్డ్ ఎప్పుడు తప్పు పడింది... అన్నీ టైముతో సహా అందులో ఉంటాయి. ఇది పాత అలవాటే. 1980ల్లో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రామ్ కోసం ‘సిస్‌లాగ్’ తయారుచేశాడు. యూనిక్స్ లోకమంతా దాన్నే పట్టుకుంది.

అందుకే పాత పుస్తకాలన్నీ ‘/వార్/లాగ్/సిస్‌లాగ్’ ఫైలు తెరవమంటాయి. కానీ 2023లో వచ్చిన డెబియన్ 12ని కొత్తగా వేసి చూడండి, ఆ ఫైలే ఉండదు! ఏదీ పాడవలేదు. ఆ ఫైలు రాసే ఆర్‌సిస్‌లాగ్ ఇప్పుడు దాంతోపాటు రాదు, కావాలంటే మనమే వేసుకోవాలి. డైరీ రాసే పని సిస్టమ్‌డీలోని ‘జర్నల్’ చూసుకుంటుంది. దాన్ని మామూలు ఎడిటర్‌లో చదవలేం. టెర్మినల్‌లో ‘జర్నల్‌సీటీఎల్’ అని కొట్టాలి. ముందు ‘సూడో’ పెట్టండి, లేకపోతే సిస్టమ్ సంగతులు పూర్తిగా చూపించదు.

దీని విలువ మా తమ్ముడి పాత లాప్‌టాప్ వల్ల తెలిసింది. ప్రాజెక్టు చేస్తుంటే మధ్యలో టప్పున ఆగిపోయేది. రిపేరు షాపులో “బోర్డు పోయింది, ఏడు వేలవుతుంది” అన్నారు. ఆ నెల ఇంట్లో అంత డబ్బు లేదు. “వదిలెయ్ అక్కా, ఫ్రెండ్ లాప్‌టాప్ అడుగుతాలే” అన్నాడు వాడు. వాడి మొహం చూడలేకపోయాను. “ఆగరా, అదేం రాసుకుందో చూద్దాం” అని కమాండ్ పక్కన ‘-బీ -1 -పీ ఈఆర్ఆర్’ చేర్చాను. అంటే, కిందటిసారి ఆన్ చేసినప్పటి సంగతుల్లో తప్పులు మాత్రమే చూపించమని. చివరి లైన్‌లో విషయం ఉంది: వేడి హద్దు దాటింది, ఆపేస్తున్నా అని. మూత విప్పితే ఫ్యాన్ నిండా దుమ్ము. బ్రష్‌తో దులిపి, థర్మల్ పేస్ట్ మార్చాం. ప్రాజెక్టు దానిమీదే పూర్తి చేశాడు.

ఆ లైన్ మిగిలిందంటే జర్నల్ డిస్కు మీద ఉండబట్టే. ‘/వార్/లాగ్/జర్నల్’ ఫోల్డర్ లేని సిస్టమ్స్‌లో జర్నల్ ర్యామ్‌లోనే ఉండిపోతుంది, రీస్టార్ట్ చేస్తే తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి ‘/ఈటీసీ/సిస్టమ్‌డీ/జర్నల్‌డీ.కాన్ఫ్’ తెరిచి ‘స్టోరేజ్=పర్సిస్టెంట్’ అని పెట్టుకోండి. చిన్న డిస్కయితే ‘సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్=500ఎం’ అని హద్దు కూడా పెట్టండి. అలా వదిలేస్తే అది డిస్కులో పది శాతం దాకా, గరిష్ఠంగా 4 జీబీ వరకు వాడుకోవచ్చు. తర్వాత ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలు.

ఇంకో మాట. అంతా బాగున్న రోజే ఒకసారి ఆ లాగ్ చదవండి. ఆరోగ్యంగా ఉన్న సిస్టమ్‌లోనూ నాలుగైదు ఎర్ర లైన్లు కనిపిస్తాయి, భయపడక్కర్లేదు. రోజూ ఉండేవేవో తెలిస్తే, కొత్తగా వచ్చింది ఏదో ఇట్టే పట్టేస్తారు. షాపుకి వెళ్లినా, ఆ లైన్ ఫొటో తీసుకుని మరీ వెళ్లొచ్చు.