ఎక్కేవాళ్ల బండి

కొత్త బండి షోరూం గేటు దాటాక ముందు గుడికి వెళ్తుంది. పూజ అయ్యాక నేరుగా యాక్సెసరీస్ షాపుకే. స్కార్పియో లాంటి పెద్ద బండి అయితే ఈ రెండో మజిలీకి ఇంటిల్లిపాదీ వస్తారు. ముందు బుల్ గార్డు, పైన క్యారియరు, పక్కన ఫుట్‌బోర్డు, లోపల లెదర్ సీటు కవర్లు, తలుపులకు క్రోమ్ పట్టీలు. ఒక్కోదానికీ బావమరిది ఒక మాట, పిల్లలు ఒక మాట. ఆ సందడిని నేను తప్పుపట్టను. లక్షలు పోసి కొన్న బండిని మన చేత్తో మనదిగా చేసుకోవాలన్న ముచ్చట అది. అయితే ఏళ్ల తరబడి స్కార్పియో నడుపుతూ, దాని కింద పడుకుని ప్రతి బోల్టూ చూస్తూ వచ్చినవాణ్ని కాబట్టి ఒక్క ప్రశ్న మాత్రం వదలను. ఈ మార్పు లోపల కూర్చునేవాళ్ల కోసమా, బయటినుంచి చూసేవాళ్ల కోసమా?

బుల్ గార్డునే తీసుకోండి. గేదె అడ్డం వచ్చినా రేడియేటరు దక్కుతుందని ఊళ్లలో దానిమీద గట్టి నమ్మకం. అసలు బంపరూ దాని వెనకున్న రేకూ గుద్దుకున్నప్పుడు నలగడానికే ఉన్నాయి. అవి నలిగితేనే దెబ్బలో కొంత అక్కడే తీరిపోతుంది. ఇనప గొట్టాన్ని తెచ్చి నేరుగా ఛాసిస్‌కు బిగించామంటే ఆ దెబ్బ ఛాసిస్ మీదుగా సీట్లో ఉన్న మనిషి మెడ దాకా వస్తుంది. ఎయిర్‌బ్యాగు ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సెన్సర్ లెక్క కూడా తప్పవచ్చు. ఇక రోడ్డు దాటుతున్నవాడికి తగిలితే చెప్పనక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు ఇవి విరుద్ధమని, చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. చట్టం సంగతి అలా ఉంచినా, పిల్లలు ఎక్కే బండికి అది వద్దంటాను.

టైర్ల మోజు ఇంకొకటి. నా బండికి కంపెనీ ఇచ్చిన సైజు 235/65 ఆర్17. దాని స్థానంలో 265/65 వేస్తే బండి నిండుగా, ఠీవిగా కనిపిస్తుంది, నిజమే. కానీ టైరు ఎత్తు 737 మిల్లీమీటర్ల నుంచి 776కు పెరుగుతుంది, అంటే ఐదు శాతం పైనే. స్పీడోమీటరు చక్రం తిరిగిన చుట్లు లెక్కబెడుతుందే గానీ చక్రం పెద్దదైందని దానికి తెలియదు. ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు మనం 84 మీద పోతుంటాం. బ్రేకులు అవే, తిప్పాల్సిన బరువు ఎక్కువ. బల్బులదీ ఇదే కథ. 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వేస్తే ఆ కరెంటుకు పాత వైరింగు వేడెక్కి హోల్డరు కరుగుతుంది. ఎదురుగా వచ్చే బైకువాడి కళ్లు పోవడం సరేసరి. వెలుతురు చాలడం లేదనిపిస్తే అదే వాటేజిలో మంచి బల్బు వేసి, బ్యాటరీ నుంచి నేరుగా రిలే వైరింగు చేయించి, లైట్ల దిశ సరిచూపించుకుంటే చాలు. నేను అదే చేయించాను.

నా బండికి జరిగిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది బయటివాళ్ల కంట పడదు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. పెద్ద బండి ఎక్కడమంటే ఆవిడకు ఎంత కష్టమో పక్కన నిలబడి చూస్తేనే అర్థమవుతుంది. ఫుట్‌బోర్డు మోకాలెత్తున ఉంటుంది. అల్యూమినియం తడిస్తే చెప్పు జారుతుంది. ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుంటే పట్టు కోసం మిగిలేది ఒక్క చెయ్యే. ఆ చేతికి అందే చోట ఏమీ ఉండదు, చివరికి సీటు కవరు పట్టుకుని లాగుతూ ఎక్కాలి.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ ఒకాయనకు ఈ సంగతి చెబితే ముందు కొలతలు అడగలేదు, “అమ్మగారిని తీసుకురండి” అన్నాడు. ఆవిణ్ని తలుపు దగ్గర నిలబెట్టి, “పెద్దమ్మా, ఎక్కేటప్పుడు చెయ్యి ఎక్కడికి పోతుందో అక్కడ పెట్టండి” అని, ఆ చోట సుద్దముక్కతో గీత గీశాడు. అమ్మ ఒకసారి ఎక్కి దిగి, “ఇంకాస్త కిందికి నాయనా, భుజం లాగుతోంది” అంది. గీత చెరిపి మళ్లీ గీశాడు. సీటు బెల్టు బోల్టు జోలికి పోకుండా, లోపల గట్టి రేకున్న చోటు చూసి అక్కడ పిడి బిగించాడు. ఫుట్‌బోర్డు కింద మడత మెట్టు ఒకటి పెట్టాడు. బండి కదిలే ముందు పైకి మడిచి పిన్ను గుచ్చితే రాళ్లకు తగలదు. మెట్టు మీద ఉప్పుకాగితం లాంటి గరుకు పట్టీ అంటించాడు. అన్నీ ఉన్న రంధ్రాల్లోనే బోల్టులతో బిగించాడు, ఒక్క వెల్డింగు కూడా పెట్టలేదు. వెల్డింగు వేడికి లోపలివైపు పెయింటు కాలి తుప్పు అక్కడే మొదలవుతుంది. బ్యాటరీ తీయకుండా వెల్డింగు పెడితే కంప్యూటరు పెట్టెకు కూడా ప్రమాదమే.

వెనక ఎదురెదురుగా ఉండే పక్క సీట్ల గురించి కూడా చెప్పాలి. పెళ్లిళ్లకు అందరం పడతాం అని వాటినే ముచ్చటపడి కొంటారు, పిల్లలకూ అక్కడే సరదా. మా బండిలో ఆ సీట్లకు బెల్టుల్లేవు, సడన్ బ్రేకు పడితే పక్కకు కూర్చున్న పిల్లవాణ్ని ఆపేది ఏదీ లేదు. అందుకే అక్కడ సామాన్లు పెట్టి పైన వల కట్టాను. పిల్లలు మధ్య వరసలో, బెల్టు పెట్టుకునే కూర్చోవాలి. ఈ విషయంలో అలకలు నా దగ్గర సాగవు.

ఇక పోషణ. డీజిల్ బండికి పరమ శత్రువు నీళ్లు. ట్యాంకులో తేమ చేరి నీరవుతుంది, బంకు నుంచి కొంత వస్తుంది. డీజిల్ కన్నా నీళ్లు బరువు కనుక ఫిల్టరు అడుగున చేరతాయి. వానాకాలంలో అక్కడి మర కాస్త వదులు చేసి గాజు సీసా పట్టుకుంటాను. మొదట వచ్చేది మసకగా, బుడగలు బుడగలుగా ఉంటుంది. కాసేపు కదపకుండా ఉంచితే సీసా అడుగున నీటి పొర విడిగా తేరుతుంది, పైన డీజిల్ తేటగా నిలుస్తుంది. చెంచాడు నీళ్లే కావచ్చు. కానీ ఇంజెక్టర్లకు డీజిల్ వెయ్యి బార్లకు పైబడిన ఒత్తిడితో వెళ్తుంది. మన టైర్లో గాలి రెండున్నర బార్లు కూడా ఉండదు. అంత ఒత్తిడిలో పనిచేసే సన్నటి భాగాలకు ఆ చెంచాడు నీళ్లే తుప్పు పట్టిస్తాయి. అందుకని డాష్‌బోర్డులో లైటు వెలిగేదాకా ఆగను.

కూలెంటు తగ్గితే కొందరు బోరు నీళ్లు పోసేస్తారు. మన బోర్లలో చాలావాటి నీళ్లకు గిన్నె అడుగునే తెల్లటి పొర కడుతుంది, రేడియేటరు సన్నగొట్టాల్లో కట్టదా? సంక్రాంతికి ఊళ్లో బండి పెట్టినప్పుడు ఎలుకల బెడద వేరు. వైరు తొడుగులు కొరికేస్తాయి. ప్రకాశం జిల్లా బంధువులు పొగాకు కాడలు కట్ట కట్టి బానెట్ కింద పెట్టమన్నారు. నేనూ పెడతాను, వేడి భాగాలకు దూరంగా. బండి తీసేముందు గుర్తుగా ఆ కట్ట తీసెయ్యాలి.

తిరుమల కొండ దిగేటప్పుడు బండి నిండా మనుషులు, సామాను. అదే పనిగా బ్రేకు నొక్కితే బ్రేకు ఆయిలు మరిగి పెడలు మెత్తబడుతుంది. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్పించడం నా అలవాటు. దిగేది రెండో గేరులో, బరువంతా ఇంజిను మీద వేసి. మధ్య వరసలో అమ్మ నిద్రపోతోందంటే బండి సరిగా దిగుతోందన్నమాటే.

ఇప్పుడు ముందువైపు లోయర్ ఆర్మ్ బుష్‌లు అరిగాయి. స్పీడ్ బ్రేకరు మీద ‘టక్’మంటున్నాయి, ఎడమ టైరు లోపలి అంచు కూడా ఎక్కువ అరుగుతోంది. మా అబ్బాయికి అల్లాయ్ చక్రాలు కావాలి, ఫోనులో బొమ్మలు చూపిస్తున్నాడు. టైరు సైజు, ఆఫ్‌సెట్ మారనంతవరకు నాకు అభ్యంతరం లేదు, వాడి ముచ్చటా ముచ్చటే. ముందు బుష్‌లు, తర్వాత అలైన్‌మెంటు, ఆపైన డబ్బు మిగిలితే చక్రాలు అన్నాను. “అయితే బుష్‌లు మార్చేరోజు నేనూ వస్తా నాన్నా, పాతవి చూడాలి” అన్నాడు. వచ్చే ఆదివారం ఇద్దరం ఆటోనగర్ వెళ్తున్నాం.