ఎడమ కాలి చదువు

మనవాళ్ళు కార్లకి కూడా లింగం అంటగట్టారు. గేర్లు మార్చుకుంటూ నడిపేది మగవాళ్ళ కారు, ఆ పని లేని ఆటోమేటిక్ ఆడవాళ్ళ కారు. ఏడేళ్ళు వాడిన ఒక చిన్న స్పోర్ట్స్ కారు కొనబోయినప్పుడు, అమ్మకాలు చూసే అబ్బాయి ఈ సంగతి ఎంతో మర్యాదగా చెప్పాడు. "మేడమ్, ఇది మీకు కష్టం. క్లచ్ గట్టిగా ఉంటుంది, మన ట్రాఫిక్‌లో కాలు పట్టేస్తుంది. ఆటోమేటిక్ చూపిస్తాను, లేడీస్ అందరూ అదే అడుగుతున్నారు." ఇంతకు ముందు ఏం నడిపారని అతను నన్ను అడగలేదు. 'లేడీస్' అన్న ఒక్క మాటతో నా గురించి అన్నీ తెలిసిపోయాయి.

ఇంట్లోవాళ్ళ ప్రశ్న వేరు. "అవసరమా?" అన్నారు. మా తమ్ముడు పెద్ద మోటారు సైకిల్ కొన్నప్పుడు ఈ మాట ఎవరూ అనలేదు. వాడిది ఇష్టం. మన దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఇష్టాన్నీ అవసరంగా రుజువు చేసుకోవాలి... పిల్లల్ని బడిలో దింపడానికనో, రాత్రిపూట భద్రంగా ఇల్లు చేరడానికనో. నేను అలాంటి కారణమేదీ చూపించలేదు. రెండో గేర్‌లోంచి మూడో గేర్‌లోకి మార్చినప్పుడు బండి ముందుకి లాగుతుందే, ఆ లాగుడు నాకిష్టం. అంతే.

అయితే ఆ లాగుడు దొరికేది ఆదివారం తెల్లవారుజామున, ఔటర్ రింగు రోడ్డు మీద. మిగతా రోజుల్లో నాకు దొరికేది సాయంత్రం ఆరున్నరకి గచ్చిబౌలి నుంచి మెహిదీపట్నం. అక్కడ నా 145 హార్స్‌పవర్ ఇంజను పక్కనున్న ఆటో కంటే ఒక్క గజం ముందుకి పోదు. టర్బో ఊపందుకోవాలంటే ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లకి అటూ ఇటూగా తిరగాలి. అంతదాకా పోనిచ్చే చోటేదీ? 2022 జనవరిలో షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచాక కొంత దూరం తేలికైంది గానీ, దిగాక మళ్ళీ అదే వరస. ఒక సాయంత్రం క్లచ్ ఎన్నిసార్లు తొక్కుతున్నానో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. టోలీచౌకిలో రెండు వందలు దాటింది. మానేశాను.

తొక్కడం అనే మాట ఆ పనికి సరిపోదు. ఇంజనుతో పాటు తిరిగే చక్రానికీ గేర్‌బాక్సుకీ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. పెడల్ పూర్తిగా నొక్కితే ఆ రెండూ విడిపోతాయి, పూర్తిగా వదిలితే కలిసి తిరుగుతాయి. నడుమ, వేలెడు దూరంలో, ఒకదాన్నొకటి అందుకునే చోటు ఉంది. డ్రైవర్లు హాఫ్ క్లచ్ అంటారు. ఆ చోటు కంటికి కనబడదు. ఇంజను గొంతు కాస్త దిగుతుంది, సీటు కింద సన్నటి వణుకు వస్తుంది, ఎడమ పాదానికి తెలుస్తుంది. శరీరానికుండే జ్ఞానం గురించి పిహెచ్.డి. కోసం ఎన్ని పేజీలు చదివానో, ఎన్ని రాశానో! అవన్నీ నాకు అర్థమైంది ఈ వేలెడు దూరంలోనే.

హాఫ్ క్లచ్‌లోనే ఉండిపోతే ప్లేటు అరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. అందుకని పని తెలిసినవాళ్ళు ముందున్న బండి కదలగానే కదలరు. కాస్త ఖాళీ రానిచ్చి, మొదటి గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలి, మనిషి నడిచే వేగంతో పోనిస్తారు. ఆ ఖాళీలోకి ఒక బైకు దూరుతుంది. వెనకనుంచి హారన్లు మోగుతాయి. ఎవరో ఒకరు పక్కకొచ్చి, నన్ను చూసి, అంతా అర్థమైనట్టు తలాడిస్తారు. అదే ఖాళీ ఒక మగవాడు వదిలితే నిదానం, నేను వదిలితే భయం!

ఈ కథ కొత్తది కాదు. కార్ల తొలి చరిత్ర తిరగేస్తే మొదటి దూర ప్రయాణం చేసింది బెర్తా బెంజ్. 1888లో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, జర్మనీలో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లు పైగా వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో శుభ్రం చేసుకుంది. అరిగిన బ్రేకులకి చెప్పులు కుట్టే అతని చేత తోలు వేయించుకుంది. డొరొతీ లెవిట్ 1909లో రాసిన పుస్తకంలో, వెనక వచ్చే బండ్లని చూసుకోవడానికి చేతి అద్దం దగ్గర పెట్టుకోమని స్త్రీలకి చెప్పింది. 1912లో కాడిలాక్ కార్లకి ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. దాన్నీ ఆడవాళ్ళ సౌకర్యం కిందే లెక్కవేశారు. ఇనప హ్యాండిల్ తిప్పుతూ చేతులు విరగ్గొట్టుకున్న మగవాళ్ళు మాత్రం ఆ సౌకర్యాన్ని మారుమాట్లాడకుండా అందుకున్నారు. చరిత్రకారిణి వర్జీనియా షార్ఫ్ 1991లో వచ్చిన తన పుస్తకంలో ఈ వైనమంతా వివరించింది.

ఇక్కడితో ఆపేస్తే నా వ్యాసం నాకు అనుకూలంగా ముగుస్తుంది. కానీ మా నాన్న ఉన్నాడు.

నాన్న ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాడు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. "క్లచ్ మీద కాలు పెట్టుకొని కూసోకు బిడ్డా, పని అయిపోంగనే తీసెయ్యి" అనేవాడు. ఇప్పుడు ఆయన ఎడమ మోకాలు పూర్తిగా ముడవదు. మెట్లు ఒక్కో కాలే వేసి దిగుతాడు. మొదటిసారి నా కారెక్కినప్పుడు పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. నేను గేరు మార్చిన ప్రతిసారీ ఆయన ఎడమ కాలు కింద మ్యాటుని నొక్కుతూనే ఉంది. తర్వాత నవ్వుతూనే అన్నాడు. "నా కాలు జీతానికి పోయింది. నువ్వు పైసలిచ్చి కొనుక్కున్నవా?"

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను 'నైపుణ్యం', 'ఆనందం' అంటున్నది ఆయనకి పని. ఒంట్లో బాగోలేని రోజు నేను క్యాబ్ పిలుచుకోగలను. ఆయనకి ఆ వెసులుబాటు ఏనాడూ లేదు. క్లచ్ లేని బస్సు ఆయనకి ఎవరైనా ఇచ్చి ఉంటే, అది ఆడవాళ్ళ బండి అని వద్దనేవాడా? తేలిక నిజంగా కావలసిన మనిషికి ముప్ఫై ఏళ్ళు బరువు పెడల్ ఇచ్చి, అడగని నాకు తేలిక అంటగట్టబోయారు. రెండు చోట్లా, నీకేం కావాలని మమ్మల్ని అడిగినవాళ్ళు లేరు.

2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీలో స్త్రీలకి ప్రయాణం ఉచితం. రాయదుర్గం సిగ్నల్ దగ్గర నా పక్కన ఆగే బస్సు నిండా పనులు ముగించుకుని ఇళ్ళకి పోయే ఆడవాళ్ళే. అంతమంది ఒక బస్సులో, నేనొక్కదాన్నే ఒక కారులో! స్టీరింగ్ దగ్గర మాత్రం ఇంకా మగవాళ్ళే ఎక్కువ. నల్గొండ ప్రాంతం నుంచి వెళ్ళిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరైంది. తెలంగాణ ఆర్టీసీ బస్సు నడపడానికి ఆమెకి మరో పదేళ్ళు, 2025 దాకా పట్టింది. క్లచ్ బరువు వల్ల ఇంత ఆలస్యం అయిందంటే నమ్మగలమా?

నా కారు నాకిష్టమే. నాన్న మోకాలిని చూశాక, ఆ ఇష్టాన్ని విముక్తి అనే పెద్ద మాటతో పిలవడం మానుకున్నాను. రేపు నా మోకాలు మొరాయిస్తే నేనూ ఆటోమేటిక్ కొనుక్కుంటాను. ఆడదాన్నని కాదు, నా మోకాలు అడిగిందని.